పాత కారుకి బయట అంగట్లో కొన్న ఫ్యూయల్ పంపు వేయించాను: బెంగళూరులో నా అనుభవం

పెట్రోల్ కారులో తాళం ఆన్‌కి తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా ఒక్క క్షణం ఆగి వినండి. వెనక సీటు కిందనుంచి సన్నగా ఒక మోటారు చప్పుడు వచ్చి రెండు సెకన్లలో ఆగిపోతుంది. అదే ఫ్యూయల్ పంపు. ఇంజిన్ తిరక్కముందే లైన్లో ప్రెషర్ నింపి పెట్టుకుంటుంది. చాలామందికి ఆ చప్పుడు ఒకటుందనే తెలియదు, ఎందుకంటే తాళం ఒకే ఊపులో చివరిదాకా తిప్పేస్తాం. మా బండిలో ఆ చప్పుడు మారడం మొదలయ్యాకే నేను దాన్ని వినడం మొదలుపెట్టాను. మొదట కాస్త గరగర, తర్వాత సన్నటి ఈల. చివరికి కొన్ని పొద్దుల్లో అసలేమీ వినపడేది కాదు. రెండోసారి తిప్పితే గానీ పలికేది కాదు.

బండి 2006 మోడల్, 1.1 లీటర్ల పెట్రోల్ ఇంజిన్. నాన్న కొన్న బండి. 2021లో 15 ఏళ్ళు నిండినప్పుడు ఆర్‌సీ మరో 5 ఏళ్ళకు పొడిగించుకున్నాను. అమ్మెయ్యమని చెప్పినవాళ్ళు ఉన్నారు. నాకు మనసొప్పలేదు, పైగా ఇంజిన్ ఇంకా గట్టిగానే ఉంది. బెంగళూరులో రామమూర్తినగర్ నుంచి ఆఫీసుకి పోను రాను, నెలకోసారి ఊరికి, దీనికంటే ఎక్కువ నాకు అక్కర్లేదు.

ఇబ్బంది సిటీలో పెద్దగా బయటపడలేదు. ఇక్కడి ట్రాఫిక్‌లో ఏ బండైనా రెండో గేరు దాటదు కాబట్టి పంపు మీద భారం పడదు. చిత్తూరు వైపు పోతూ పలమనేరు దాటాక మొగిలి ఘాటులో అసలు సంగతి తెలిసేది. దిగేటప్పుడు సుఖంగా దిగుతుంది. తిరిగొచ్చేటప్పుడు, నలుగురం ఉండి ఏసీ వేసుకుంటే, మూడో గేరులో యాక్సిలేటర్ ఎంత తొక్కినా పికప్ ఉండదు. బండి ముందుకు ఊగి వెనక్కి లాగినట్టు జర్కులు. కాలు కాస్త తీస్తే సర్దుకుంటుంది, మళ్ళీ తొక్కితే మళ్ళీ అదే. పొద్దున పూట స్టార్ట్ కావడానికి సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి వచ్చేది. ఈ రెండూ కలిసి వస్తే పెట్రోల్ ప్రెషర్‌ని అనుమానించాలని ఇప్పుడు నాకు తెలుసు.

అప్పుడు మాత్రం మా వీధి చివరున్న ఒక గ్యారేజీలో ప్లగ్గులు మార్చారు, థ్రాటిల్ బాడీ కడిగారు, లైన్లో ఉండే ఫ్యూయల్ ఫిల్టర్ మార్చారు. వారం బాగుందనిపించి మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకొకరు ఇగ్నిషన్ కాయిల్ అన్నారు. ఎవరూ దేన్నీ కొలవలేదు. అదే నాకు బాధ. వాళ్ళకి పని రాక కాదు. పక్కన ఇంకో నాలుగు బండ్లు వరసలో నిలబడి ఉంటే, ఒక గేజ్ తగిలించి పది నిమిషాలు నిలబడే తీరిక ఎవరికీ ఉండదు. మనమూ ఆ పది నిమిషాలకు డబ్బులివ్వం. వస్తువు మార్చితేనే ఇస్తాం.

చివరికి మా ఆఫీసులో పనిచేసే పులివెందుల అబ్బాయి ఒకడు చెబితే హొరమావు దగ్గర ఒక మెకానిక్ అన్న దగ్గరికి పోయాను. ఆయనది కదిరి. బెంగళూరొచ్చి ఇరవై ఏళ్ళు దాటిందట, అయినా మాట ఇంకా కదిరి మాటే. నేను లక్షణాలు చెప్పడం మొదలుపెట్టగానే చెయ్యడ్డం పెట్టాడు.

"ఉండు సార్, నువ్వు పంపు అంటావు, ఇంకొకాయన కాయిల్ అంటాడు. ముందు ఆ బండి ఏమంటాదో విందాం."

లోపలికి పోయి ఒక పాత ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. అందులో ఫ్యూయల్ ప్రెషర్ గేజ్, ఇంగ్లీషు T ఆకారంలో ఉండే టీ జాయింట్లు, రకరకాల సైజుల గొట్టాలు. ముందు పంపుకి కరెంటు అందించే రిలే పీకి, ఇంజిన్ స్టార్ట్ చేసి దానంతట అది ఆగిపోయేదాకా వదిలాడు. లైన్లో మిగిలిన ప్రెషర్ పోవడానికి. అలా చేయకుండా జాయింట్ విప్పితే పెట్రోల్ చిమ్మి వేడి ఇంజిన్ మీద పడుతుంది. తర్వాత ఇంజిన్‌కి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లకు పోయే లైన్లో టీ వేసి గేజ్ కట్టాడు.

మా బండి పాత పద్ధతి. పంపు తోసిన పెట్రోల్ అంతా ఇంజిన్ దాకా వస్తుంది, అక్కడ రెగ్యులేటర్ కావలసిన ప్రెషర్ నిలబెట్టి మిగిలినదాన్ని రిటర్న్ గొట్టంలో ట్యాంకుకి పంపేస్తుంది. ఆ రెగ్యులేటర్‌కి ఇంజిన్ నుంచి ఒక చిన్న వాక్యూమ్ గొట్టం ఉంటుంది. దాన్ని పీకి చూస్తే మా బండికి ప్రెషర్ 3 బార్ (ప్రెషర్‌ని కొలిచే అంకె ఇది) రావాలి, తగిలించి యాక్సిలేటర్ తొక్కకుండా ఐడిల్‌లో చూస్తే దాదాపు 2.5. కొత్త మోడళ్ళలో రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉంటుంది, ఈ రిటర్న్ గొట్టమే ఉండదు, కాబట్టి మీ బండి అంకె వేరే ఉండొచ్చు. సర్వీస్ మాన్యువల్ చూసుకోండి.

గొట్టం పీకి చూస్తే గేజ్ ముల్లు 2.3 దగ్గర నిలబడింది. యాక్సిలేటర్ గట్టిగా తొక్కమన్నాడు. ముల్లు వణుక్కుంటూ 1.8కి దిగింది. ఘాటులో బండి ఎందుకు మొరాయిస్తోందో అప్పుడు కళ్ళారా చూశాను. బండిలోని కంప్యూటర్ ఇంజెక్టర్‌ని ఎంతసేపు తెరిచి ఉంచాలో 3 బార్ ఉందన్న లెక్కతోనే తేల్చుకుంటుంది. ప్రెషర్ తక్కువుంటే అదే సమయంలో తక్కువ పెట్రోల్ పడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ అది పసిగట్టి కొంతవరకు సర్దుతుంది, స్కానర్ పెడితే ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఆ సర్దుబాటు శాతం, బాగా ప్లస్‌లో కనబడింది కూడా. కానీ పూర్తిగా తొక్కినప్పుడు ఆ సర్దుబాటు చాలదు.

నేనైతే అక్కడితో పంపు పోయిందని తేల్చేసేవాణ్ణి. ఆయన తేల్చలేదు. వెనక సీటు ఎత్తించి, పంపు కనెక్టర్ వెనకనుంచి మల్టీమీటర్ పిన్నులు దూర్చి, పంపు తిరుగుతుండగా వోల్టేజ్ చూశాడు. బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, పంపు దగ్గర 12.2. దారిలో దాదాపు 2 వోల్టులు మాయం. పంపు ఆపేసి చూస్తే ఈ తేడా కనబడదు, కరెంటు పారుతున్నప్పుడే కనబడుతుంది. మేడ మీద కుళాయి కట్టి ఉన్నప్పుడు గొట్టంలో నీళ్ళు నిండుగానే ఉన్నట్టుంటాయి, తిప్పితేనే కదా ధార ఎంతో తెలిసేది.

ఆ 2 వోల్టులు ఎక్కడ పోతున్నాయో వెతికితే ఎక్కువ భాగం ఎర్త్ వైపు తేలింది. పంపు ఎర్త్ వైరు సీటు పక్కన, కార్పెట్ కింద బాడీకి బోల్టుతో బిగించి ఉంటుంది. కార్పెట్ ఎత్తితే కింద ఎప్పటిదో తడి, బోల్టు చుట్టూ తుప్పు, దాని పక్కనే చెనిక్కాయ తొక్కలు ఒక గుప్పెడు. ఎలుక కాపురం పెట్టి ఖాళీ చేసి పోయినట్టుంది. అదృష్టం కొద్దీ వైర్లు కొరకలేదు. బోల్టు తీసి, కింద రేకు మెరిసేదాకా ఎమెరీ పేపరుతో రుద్ది, కొత్త లగ్గు క్రింప్ చేసి బిగించి, పైన కాస్త గ్రీజు పూశాడు. ఇప్పుడు పంపు దగ్గర 13.7 వోల్టులు. ప్రెషర్ 2.5కి ఎక్కింది.

మెరుగే, కానీ చాలదు. ఇంకో పరీక్ష మిగిలింది. రిటర్న్ గొట్టాన్ని, రబ్బరు ఉన్న చోట, వెడల్పు నోరున్న క్లాంపుతో రెండు మూడు సెకన్లు నొక్కాడు. తిరిగిపోయే దారి మూసేస్తే ఆరోగ్యంగా ఉన్న పంపు ప్రెషర్‌ని 5 బార్ దాకా ఎగదోస్తుంది. మాది 2.7 దగ్గర ఆయాసపడి ఆగిపోయింది. అంటే రెగ్యులేటర్ది తప్పు కాదు. ఫిల్టర్ మొన్ననే మార్చింది. వోల్టేజ్ సరిచేశాం. ఇక మిగిలింది పంపు, దాని అడుగున పెట్రోల్ వడకట్టే జాలి.

"ఇప్పుడు చెప్తా విను సార్. పంపే. ఆ ఎర్త్ చూడకుండా కొత్తది ఏసుంటే, అది కూడా ఇట్లే నీరసంగా తిరిగేది. కొత్త పంపు కూడా డూప్లికేట్ ఇచ్చినాడని అంగడోణ్ణి తిట్టుకుంటుంటివి."

ఈ మాట కోసమే నేను ఇదంతా రాస్తున్నాను.

ఇక ఏ పంపు వేయాలి? కంపెనీ షోరూంలో అడిగితే మొత్తం మాడ్యూల్ తప్ప విడిగా మోటారు ఇవ్వరన్నారు. పెట్రోల్ మట్టం చెప్పే తేలే బొంగు (ఫ్లోట్), ప్లాస్టిక్ తొట్టి, వైరింగ్, అన్నీ కలిపి తొమ్మిది వేలకు పైన, అదీ ఆర్డరు పెడితే ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. మా మాడ్యూల్ బాడీ బాగానే ఉంది, డ్యాష్‌బోర్డులో పెట్రోల్ ముల్లు సరిగానే చూపిస్తోంది. మోటారు మాత్రమే మారిస్తే సరిపోతుందని అన్న తేల్చి చెప్పాడు. అందుకని శనివారం జేసీ రోడ్డుకి పోయాను.

టౌన్ హాలు దగ్గర్నుంచి మినర్వా సర్కిల్ దాకా ఆ రోడ్డు పొడవునా బండి సామాన్ల అంగళ్ళే. కన్నడం, తమిళం, హిందీ, తెలుగు, మనం ఏ భాషలో అడిగితే ఆ భాషలోనే జవాబొస్తుంది. ఒక అంగట్లో ఆరేడు వందలకే పంపు ఉందన్నారు. డబ్బా మీద ఏ కంపెనీ పేరూ లేదు, ప్రెషర్ అంకె లేదు, 'అన్ని కార్లకూ' అని మాత్రం ఉంది. పంపు మీద అంకెల్లేకపోతే నేను చేతిలోకి కూడా తీసుకోను. ఇంకో అంగట్లో కుర్రాడు ఉత్సాహంగా గంటకు 255 లీటర్లు తోసే రేసింగ్ పంపు చూపించాడు. "ఇది వేస్తే పికప్ అదిరిపోతుంది సార్" అన్నాడు.

పంపు పెద్దదైతే పికప్ పెరగదు. లెక్క చూడండి. మా ఇంజిన్ 60 పైచిలుకు హార్స్‌పవర్. కాలు పూర్తిగా తొక్కిపట్టినా గంటకు తాగేది 20 లీటర్ల చుట్టూ. మామూలు పంపులు 3 బార్ దగ్గర గంటకు 80, 100 లీటర్లు ఇస్తాయి, అదే మనకు నాలుగింతలు. 255 లీటర్ల పంపు వేస్తే మిగతాదంతా ఆ సన్నటి రిటర్న్ గొట్టంలోంచి తిరిగిపోవాలి. రెగ్యులేటర్ అంత ధారను వదలలేక ప్రెషర్ ఉండాల్సిన దానికంటే పైకి పోవచ్చు. పెట్రోల్ ఊరికే ఇంజిన్ దాకా వచ్చి వేడెక్కి ట్యాంకులో చేరుతుంది. పంపు ఎక్కువ కరెంటు లాగి పాత వైరింగ్‌ని కాలుస్తుంది. టర్బో పెట్టి, ఇంజెక్టర్లు మార్చి, పోటీలకు తిప్పే బండికి అది కావాలి. మన బండికి కంపెనీ పంపు ఎంత ఇస్తుందో అంతే, లేదా ఒక పిసరు ఎక్కువ.

అందుకే పాత పంపు వివరాలన్నీ ఒక కాగితం మీద రాయించుకుని పోయాను: పని చేసే ప్రెషర్, ధార, బాడీ వ్యాసం 38 మిల్లీమీటర్లు, పొడవు, పైన గొట్టం తగిలే ముక్కు సైజు, కనెక్టర్ ఆకారం, జాలి ఏ వైపుకి తిరిగుంటుందో దాని ఫోటో. ఆ ఫోటో చాలా ఉపయోగపడింది. మోటారు ఒకటే అయినా జాలి ఇంకో దిక్కుకి ఉంటే తొట్టి అడుగున కూర్చోదు.

ఇంకొకటి అడిగాను, ఇది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి పనికొస్తుందా అని. ఈ20 పెట్రోల్‌ని దేశంలో మొదట విడుదల చేసింది బెంగళూరులోనే, 2023 ఫిబ్రవరిలో ఇండియా ఎనర్జీ వీక్ జరిగినప్పుడు. ఇప్పుడు ఏ బంకుకి పోయినా దాదాపు అదే. మా బండి పుట్టినప్పుడు ఇది లేదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరును ఉబ్బిస్తుంది, మోటారులో బ్రష్షుల నుంచి కరెంటు అందుకునే రాగి కమ్యుటేటర్‌ని తినేస్తుంది. అందుకే ఇప్పటి మంచి పంపుల్లో కమ్యుటేటర్ కార్బన్‌తో చేస్తారు. అది డబ్బా మీదో కేటలాగులోనో రాసి ఉండాలి. అంగడి పెద్దాయన విసుక్కోకుండా కేటలాగ్ తీసి చూపించాడు. ఆయన వెనక గోడ మీద వెలిసిపోయిన పాత మైకో బోర్డు ఒకటి ఉంది. ఒకప్పుడు ఆడుగోడిలో ఫ్యాక్టరీ ఉన్న ఆ కంపెనీ 1951లో మొదలై 2008లో బాష్ అని పేరు మార్చుకుంది గానీ, బెంగళూరు పాతవాళ్ళ నోట ఇంకా మైకోనే. చివరికి బాష్ పంపే తీసుకున్నాను, జాలితో కలిపి రెండు వేల చిల్లర. బిల్లు అడిగి తీసుకున్నాను, హోలోగ్రామ్ చూసుకున్నాను, డబ్బా మీది పార్ట్ నంబరూ పంపు ఒంటి మీద చెక్కిన నంబరూ ఒకటేనా అని సరిపోల్చుకున్నాను. డబ్బాలు అచ్చు వేయడం దొంగ సరుకు వాళ్ళకి తేలిక, ఒంటి మీద చక్కగా చెక్కడం అంత తేలిక కాదు.

పంపు కంటే ఎక్కువసేపు పట్టింది ఒక చిన్న గొట్టం వెతకడానికి. తొట్టిలో పంపుకీ పైమూతకీ మధ్య జానెడు గొట్టం ఉంటుంది. అది పొద్దస్తమానం పెట్రోల్‌లో మునిగే ఉంటుంది. బయట వాడే మామూలు ఫ్యూయల్ గొట్టానికి లోపలి పొర మాత్రమే పెట్రోల్‌ని తట్టుకుంటుంది, పైపొర తట్టుకోదు. ముంచి ఉంచితే ఉబ్బి, మెత్తబడి, చివరికి చీలుతుంది. అప్పుడు పంపు బ్రహ్మాండంగా తిరుగుతూనే ఉంటుంది, పెట్రోల్ ట్యాంకులోనే కారిపోతూ ఉంటుంది. ముంచడానికి పనికొచ్చే గొట్టం మీద ఎస్‌ఏఈ 30ఆర్10 అని ఉంటుంది. మీటరు ధర వింటే గుండె గుభేలుమంటుంది గానీ మనకు కావలసింది జానెడే. దాంతోపాటు అంచులు గుండ్రంగా ఉండే ఇంజెక్షన్ క్లాంపులు రెండు, మాడ్యూల్ మూత కింద వేసే కొత్త రబ్బరు రింగు ఒకటి తీసుకున్నాను.

పంపు వేసే రోజు ట్యాంకులో పెట్రోల్ పావు కంటే తక్కువ ఉండేట్టు చూసుకుని రమ్మన్నాడు. షెడ్డు లోపల కాదు, బయట వేపచెట్టు కింద బండి పెట్టించాడు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. మూసిన చోట నేల మీదే పరుచుకుని ఉంటుంది, దూరంగా ఎక్కడో నిప్పురవ్వ పుట్టినా అంటుకుంటుంది. పక్క బండి మీద గ్రైండర్ పెట్టిన కుర్రాణ్ణి ఆపించాడు. "రేయ్, నేను సెప్పేదాకా దాని జోలికి పోవద్దు." బ్యాటరీ నెగటివ్ తీసేశాడు. మంటలార్పే పౌడర్ సిలిండర్ తెచ్చి చేతికందే చోట పెట్టాడు. మా ఫోన్లు దూరంగా పెట్టించాడు. ఇవన్నీ నోటితో పెద్దగా చెప్పకుండా ఒకదాని వెంట ఒకటి చేసుకుంటూ పోతుంటే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. వెనక సీటు మీద కూర్చునేది మా పిల్లలు.

సీటు ఎత్తాక రేకు మూత, దాని చుట్టూ నల్లటి బంక. అది తీస్తే మాడ్యూల్ పైభాగం మీద 18 ఏళ్ళ ఎర్రమట్టి. దాన్ని అలాగే విప్పితే ఆ మట్టంతా ట్యాంకులోకి. బ్రష్షుతో రాల్చి, వ్యాక్యూమ్‌తో లాగి, చివరికి తడిగుడ్డతో తుడిచాక గానీ స్పానర్ పట్టలేదు. గొట్టాలు ఏది ఎక్కడిదో టేపు అంటించి గుర్తు పెట్టాడు. మూత మీద, ట్యాంకు మీద ఒకే గీత మార్కర్‌తో గీశాడు, తిరిగి పెట్టేటప్పుడు అదే దిక్కుకి రావాలి. లాక్ రింగు బిగుసుకుపోయి ఉంది. చాలాచోట్ల స్క్రూడ్రైవరు పెట్టి సుత్తితో కొడతారు. ఆయన చెక్క ముక్క పెట్టి చుట్టూ కొంచెం కొంచెంగా తట్టాడు. ఇనుము మీద ఇనుము కొడితే రవ్వ పుడుతుంది, కింద పెట్రోల్ ఉంది.

మాడ్యూల్‌ని నిలువుగా ఎత్తకుండా, ఏటవాలుగా తిప్పుతూ తీశాడు, తేలే బొంగు చెయ్యి వంగకుండా. అది వంగితే పెట్రోల్ ముల్లు జన్మలో నిజం చెప్పదు.

అప్పుడు చూశాను ఆ జాలిని. తెల్లగా ఉండాల్సిన నైలాన్ జాలి కాఫీ డికాక్షన్ రంగులో, వేలితో నొక్కితే బురదలాంటిది పొంగి వచ్చింది. ట్యాంకు అడుగున కూడా సన్నటి ఎర్రటి మడ్డి. మిగిలిన పెట్రోల్ చేతిపంపుతో డబ్బాలోకి తోడి, పోగుల్లేని గుడ్డతో అడుగంతా తుడిపించాను. ఆ పని బేరంలో లేదు, నేనే అడిగాను, దానికి విడిగా ఇచ్చాను. కొత్త జాలి వేసి పాత మడ్డి వదిలేయడంలో అర్థం లేదు.

కొత్త పంపు బిగించేటప్పుడు కొత్త గొట్టం పాత ముక్కుకి ఎక్కలేదు. వేడి నీళ్ళలో కాసేపు ముంచితే మెత్తబడి ఎక్కింది. వైర్ల దగ్గర ఇంకో జాగ్రత్త: ట్యాంకు లోపల ఇన్సులేషన్ టేపు వాడకూడదు. దాని జిగురు పెట్రోల్‌లో కరిగిపోయి జాలికి అంటుకుంటుంది. పంపుతో వచ్చిన వైరు ముక్కనే సరైన క్రింపులతో కలిపాడు. ప్లస్, మైనస్ మల్టీమీటర్‌తో చూసుకున్నాడు, రంగులు నమ్మలేదు. తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది, చప్పుడు వస్తుంది, ప్రెషర్ మాత్రం రాదు. రబ్బరు రింగు పాతదే మళ్ళీ వేద్దామా అని పక్క కుర్రాడు అంటే, పాతదాన్ని కొత్తదాని పక్కన పెట్టి చూపించాడు. పాతది ఉబ్బి వేలెడు పెద్దదైపోయింది. గాడిలో ఎలా కూర్చుంటుంది?

బిగించాక సెల్ఫ్ కొట్టలేదు. తాళం ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్. ప్రతిసారీ పంపు రెండు సెకన్లు తిరిగి లైను నిండుతుంది. ఆ చప్పుడు ఇప్పుడు గరగర లేకుండా నున్నగా వస్తోంది. జాయింట్ల దగ్గర తడి లేదని చూసుకున్నాక స్టార్ట్ చేశాడు. గేజ్: వాక్యూమ్ గొట్టం పీకితే 3 బార్, తగిలిస్తే 2.5. యాక్సిలేటర్ ఎంత తొక్కినా ముల్లు పడిపోలేదు. రిటర్న్ నొక్కితే 5 దాటింది, వెంటనే వదిలేశాడు. ఇంజిన్ ఆపాక పది నిమిషాల తర్వాత కూడా 2 బార్ పైనే నిలబడింది. అంటే పంపులో వెనక్కి పోనీయని వాల్వు సరిగా ఉంది, పొద్దున పూట సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సిన అవసరం ఉండదు.

పని అయిపోయిందని నేను సీటు వేయబోతే ఆపాడు. "సీటు ఎయ్యొద్దు సార్. బంకుకి పోయి ఫుల్ ట్యాంకు పట్టించుకొని రా, అప్పుడు చూద్దాం." ట్యాంకు తక్కువున్నప్పుడు మూత దగ్గర లీకు ఉన్నా తెలియదు. నిండుగా ఉండి, మలుపుల్లో పెట్రోల్ ఎగసి మూతను తాకితేనే తెలుస్తుంది. వెనక సీటు లేకుండానే బంకుకి పోయి నింపించుకుని, సర్వీస్ రోడ్డులో నాలుగు మలుపులు తిప్పి తెచ్చాను. టార్చి వేసి రింగు చుట్టూ వేలితో తడిమి చూశాడు. పొడిగా ఉంది. వాసన లేదు. అప్పుడు వేశాం మూత, కొత్త బంకతో.

ఊర్లో నాన్నకి ఫోన్ చేసి చెబితే ఆయనకి వాళ్ళ ఆఫీసు అంబాసిడర్ గుర్తొచ్చింది. ఆ బండ్లలో పంపు ఇంజిన్ పక్కనే ఉండేది, కామ్‌షాఫ్ట్ ఆడిస్తే ఆడే డయాఫ్రమ్ పంపు. కడప ఎండల్లో అది వేడెక్కి లోపల పెట్రోల్ ఆవిరై, బండి నడిరోడ్డులో ఆగిపోయేది. డ్రైవరు తడిగుడ్డ చుట్టి, చెట్టు కింద బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడట. పంపుని ట్యాంకులో ముంచి, అక్కడినుంచి ప్రెషర్‌తో తోయడం మొదలయ్యాక ఆ తడిగుడ్డ అవసరం పోయింది. పెట్రోలే పంపుని చల్లబరుస్తుంది, దాని బేరింగులకు నూనె కూడా అదే. రిజర్వ్‌లో రోజుల తరబడి తిప్పేవాళ్ళ పంపులు తొందరగా పోవడానికి అదో కారణం.

పాత పంపుని అన్న కోసి చూపించాడు, నేనడిగితేనే. బ్రష్షులు ఒక పక్క దాదాపు అరిగిపోయి స్ప్రింగు కమ్యుటేటర్‌ని తాకేంత దగ్గరికి వచ్చింది. రాగి మీద లోతుగా గాడి పడింది. కొన్ని పొద్దుల్లో పలకకపోవడానికి కారణం అదే: బ్రష్షు సరిగ్గా ఆ గాడిలో ఆగితే కరెంటు అందదు, కాస్త కదిలితే అందుతుంది. ఇలాంటి స్థితిలో ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో తడితే పంపు మళ్ళీ తిరుగుతుంది. దారిలో ఆగిపోతే ఇల్లు చేరడానికి ఆ చిట్కా పనికొస్తుంది, కానీ అలా తట్టి లేపాల్సి వచ్చిందంటే ఆ పంపు ఇంక ఎక్కువ దూరం రాదు.

ఖర్చు మొత్తం, పంపు, గొట్టం, రింగు, క్లాంపులు, ట్యాంకు శుభ్రం, కూలీ అన్నీ కలిపి షోరూం చెప్పిన మాడ్యూల్ ధరలో సగానికి కాస్త ఎక్కువ అయింది. ఇందులో పరీక్షలకు అన్న అడిగింది మూడు వందలు. నేను దాన్ని పెంచి ఇచ్చాను. గేజ్ ఉన్న మెకానిక్‌కి ఆ గేజ్ వాడినందుకు డబ్బులిస్తేనే అది డబ్బాలోంచి బయటికొస్తుంది.

తర్వాత మొగిలి ఘాటు మళ్ళీ ఎక్కాను, నలుగురం, ఏసీ వేసుకుని, మూడో గేరులో. జర్కులు లేవు. ఫ్యూయల్ ట్రిమ్ సున్నాకి ఒకటి రెండు శాతం అటూ ఇటూ. పంపు బిల్లు, వారంటీ కార్డు, ఆ రోజు చూసిన వోల్టేజ్, ప్రెషర్ అంకెలు రాసిన కాగితం, మూడూ బండి కాగితాల కవర్లోనే పెట్టాను. వచ్చే సర్వీసులో ఆ ఎర్త్ బోల్టు తీసి చూసి, ప్రెషర్ ఇంకోసారి కొలవమని ఇప్పుడే చెప్పి ఉంచాను.